రక్షణకు షరతా, సంఘానికి ద్వారమా? తెలుగునేలపై బాప్తిస్మ వివాదాలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మానవుడు రక్షణ పొందడానికి బాప్తిస్మం తప్పనిసరా అన్న ప్రశ్న క్రైస్తవ వేదాంతంలో తొలి శతాబ్దాల నుంచీ ఉంది. తెలుగుప్రాంతానికి వచ్చిన మిషన్లు ఈ ప్రశ్నకు వేరువేరు సమాధానాలను వెంట తెచ్చాయి. 1877–78 కరువుకాలంలో ఒంగోలు బాప్తిస్టు మిషన్ బాప్తిస్మాలను నిలిపివేయడం, 1878 జూలైలో గుండ్లకమ్మలో జరిగిన సామూహిక బాప్తిస్మాలు, దోర్నకల్ బిషప్ అజరయ్య బోధ, పి. చెంచయ్య, కలగర సుబ్బారావుల వాదాలు ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు. బాప్తిస్మాన్ని కోరినవారి వాదానికీ, కాదన్నవారి వాదానికీ వారి సామాజికస్థానంతో ఉన్న సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: బాప్తిస్మం, జ్ఞానస్నానం, రక్షణ, ఒంగోలు మిషన్, మాదిగలు, దోర్నకల్, చెంచయ్య, కలగర సుబ్బారావు

1. ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవులలో ఈ సంస్కారానికి రెండు పేర్లు వాడుకలో ఉన్నాయి. కథోలికులు దీనిని జ్ఞానస్నానం అంటారు. ప్రొటెస్టెంటు సంఘాలు గ్రీకుపదాన్నే తెలుగు చేసుకొని బాప్తిస్మం అన్నాయి. ఆ గ్రీకుపదానికి ముంచడం, కడగడం అని అర్థం. మొదటి పేరు స్నానఫలాన్ని చెబుతుంది. రెండవది క్రియను మాత్రమే చెప్పి, దాని ఫలమేమిటన్న విషయాన్ని వ్యాఖ్యాతలకు వదిలివేస్తుంది. ఒకే భాషలో ఒకే సంస్కారానికి రెండు పేర్లు నిలవడం వెనుక సిద్ధాంతభేదాల సుదీర్ఘచరిత్ర ఉంది.

ఆ భేదాల సారం ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉంది. క్రీస్తును విశ్వసించిన వ్యక్తి బాప్తిస్మం పొందకుండానే మరణిస్తే అతని గతి ఏమిటి? ఈ ప్రశ్నకు వచ్చే సమాధానం గ్రంథాలకే పరిమితం కాదు. మరణశయ్యపై ఉన్న శిశువు విషయంలో తొందరపడాలా, కరువులో అన్నం కోసం వచ్చినవారిని ఆగమనాలా, విశ్వసించినా కులాన్ని వదలలేనివారిని క్రైస్తవులుగా గుర్తించాలా అన్న ఆచరణాత్మక నిర్ణయాలు దానిపై ఆధారపడ్డాయి. తెలుగుప్రాంతంలో ఈ మూడు సందర్భాలూ చారిత్రకంగా తలెత్తాయి.

2. లేఖనాధారాలు, తొలి సమాధానాలు

బాప్తిస్మం తప్పనిసరి అనేవారు ముఖ్యంగా మూడు చోట్లను చూపుతారు. యోహాను సువార్త 3:5లో నీటివలనా ఆత్మవలనా జన్మించడం దైవరాజ్యప్రవేశానికి షరతుగా కనిపిస్తుంది. అపొస్తలుల కార్యములు 2:38లో పేతురు పాపక్షమాపణను బాప్తిస్మంతో ముడిపెడతాడు. మార్కు 16:16 విశ్వాసాన్నీ బాప్తిస్మాన్నీ రక్షణకు జోడిస్తుంది. అయితే అదే వాక్యం రెండవ భాగంలో శిక్షకు కారణంగా అవిశ్వాసాన్ని మాత్రమే చెబుతుంది. పైగా మార్కు సువార్తలోని ఈ చివరి భాగం సైనాయ్, వాటికన్ ప్రతులవంటి ప్రాచీన గ్రీకు ప్రతులలో లేదు.

తప్పనిసరి కాదనేవారికి ప్రధాన ఉదాహరణ లూకా 23వ అధ్యాయంలోని దొంగ. సిలువపై ఉన్న అతనికి బాప్తిస్మం లేకుండానే పరదైసు వాగ్దానం లభించింది. కొర్నేలి ఇంట చేరినవారు బాప్తిస్మానికి ముందే పరిశుద్ధాత్మను పొందినట్లు అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయం చెబుతుంది. క్రీస్తు తనను పంపింది బాప్తిస్మమివ్వడానికి కాదనీ, సువార్త ప్రకటించడానికనీ పౌలు కొరింథీయులకు రాశాడు. గమనించదగిన సంగతి ఏమంటే, ఆత్మను ముందుగా పొందిన కొర్నేలి పరివారానికి కూడా పేతురు తరువాత బాప్తిస్మం ఇప్పించాడు. రక్షణకు అది అవసరమా అన్న ప్రశ్నకూ, దానిని వదిలివేయవచ్చా అన్న ప్రశ్నకూ మధ్య ఉన్న దూరం ఇక్కడే మొదలవుతుంది.

తొలి సంఘం కఠినసూత్రాన్నీ, దానికి మినహాయింపులనూ ఏకకాలంలో నిర్మించుకున్నది. బాప్తిస్మం పొందకముందే విశ్వాసం కోసం చంపబడినవారికి వారి రక్తమే బాప్తిస్మమని 3వ శతాబ్దంలో కార్తేజి బిషప్ సిప్రియన్ భావించాడు. 392లో రోమన్ చక్రవర్తి రెండవ వాలెంటీనియన్ బాప్తిస్మం కోరుకొని, అది పొందకుండానే మరణించాడు. మిలాను బిషప్ ఆంబ్రోసు అంత్యక్రియల ప్రసంగంలో, ఆ కోరికను దేవుడు అంగీకరించి ఉంటాడని మృతుని సోదరీమణులను ఓదార్చాడు. వేదాంతులు తరువాత దీనిని ఆకాంక్షాబాప్తిస్మమని వ్యవహరించారు. ఆ ఆంబ్రోసు చేతుల మీదుగానే 387లో బాప్తిస్మం పొందిన అగస్టీన్ మాత్రం శిశువుల విషయంలో కఠినంగా నిలిచాడు. జన్మపాపం బాప్తిస్మంతోనే తొలగుతుందన్న ఆయన వాదం పశ్చిమ క్రైస్తవలోకంలో శిశుబాప్తిస్మానికి బలమైన ఆధారమైంది.

3. సంస్కరణోద్యమం తరువాత చీలిన దారులు

16వ శతాబ్దంలో ఈ ప్రశ్న సంఘాలను చీల్చింది. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాసప్రకటన బాప్తిస్మం రక్షణకు అవసరమని చెప్పి, శిశుబాప్తిస్మాన్ని సమర్థించింది. లూథరన్ సంఘాలు ఆ ప్రకటనకు కట్టుబడ్డాయి. 1547లో ట్రెంట్ మహాసభ, బాప్తిస్మం ఐచ్ఛికమనీ రక్షణకు అవసరం లేదనీ చెప్పేవారిని ఖండించింది. అదే మహాసభ అదే ఏడాది మరొక సమావేశంలో బాప్తిస్మపు ఆకాంక్షకు కూడా చోటిచ్చింది. అత్యవసర స్థితిలో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చునన్న కథోలిక నియమం ఈ సిద్ధాంతానికి సహజమైన పర్యవసానం. గురువు దొరకనందువల్ల ఒక ప్రాణి రక్షణ కోల్పోరాదని దాని ఉద్దేశం. కాల్విన్ ఈ ఆచారాన్ని వ్యతిరేకించాడు. విశ్వాసుల బిడ్డలు దేవుని నిబంధనలో పుట్టుకతోనే ఉన్నారనీ, బాప్తిస్మం దానికి ముద్ర అనీ ఆయన వాదం.

1525 జనవరిలో జ్యూరిక్‌లో కొందరు వయోజనులు తిరిగి బాప్తిస్మం పొందారు. వ్యక్తిగతవిశ్వాసం లేని శిశుబాప్తిస్మం బాప్తిస్మమే కాదని వారి వాదం. రెండేళ్ళ తరువాత వారిలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను నగరపాలకులు లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. శిశుబాప్తిస్మాన్ని నిరాకరించడం నాటి ఐరోపాలో పౌరసమాజాన్ని నిరాకరించడంతో సమానం కావడమే ఇందుకు కారణం. 17వ శతాబ్దపు ఇంగ్లీషు బాప్తిస్టులు కూడా విశ్వాసులకే బాప్తిస్మమన్నారు. అది విశ్వాసి చూపే విధేయతాచిహ్నమనీ, రక్షణకు మూలం విశ్వాసమనీ వారి నిర్ణయం. క్వేకర్లు నీటిబాప్తిస్మాన్ని పూర్తిగా వదిలివేశారు. 19వ శతాబ్దంలో విలియం బూత్ స్థాపించిన సాల్వేషన్ ఆర్మీ కూడా 1883లో సంస్కారాలను విరమించుకొన్నది.

4. ఒకే ప్రాంతంలో మూడు సమాధానాలు

ఈ భిన్నసంప్రదాయాలు తెలుగుదేశంలో పక్కపక్కనే స్థిరపడ్డాయి. 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరులో లూథరన్ మిషన్‌ను ప్రారంభించాడు. అక్కడ విశ్వాసుల శిశువులకు బాప్తిస్మం ఇస్తారు. 1836లో తెలుగుప్రాంతానికి వచ్చిన అమెరికన్ బాప్తిస్టు శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. ఆ మిషన్ తరువాత ఒంగోలుకు విస్తరించింది. అక్కడ శిశుబాప్తిస్మం లేదు. విశ్వాసాన్ని నోటితో ఒప్పుకొన్నవారిని నీటిలో ముంచుతారు. 1910ల దశకంలో బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాల సెటిల్మెంటును సాల్వేషన్ ఆర్మీ నిర్వహించింది. ఆ సంస్థలో చేరడానికి బాప్తిస్మమే లేదు.

ఈ మూడూ పరస్పరం చేరువలో ఉన్న ప్రాంతాలే. రక్షణకు బాప్తిస్మం అవసరమనే సంఘం, అవసరం కాదుగాని ఆజ్ఞ అనే సంఘం, రెండూ కాదనే సంఘం ఒకే కోస్తా మండలంలో పనిచేశాయి. మూడింటిలోనూ చేరినవారిలో ఎక్కువమంది సమాజపు అంచున ఉన్న కులాలవారు. మొదటి రెండు సమాధానాల మధ్య తేడా తీవ్రంగా బయటపడిన సందర్భం 1876–78 నాటి మహాక్షామం.

5. కరువులో ఆగిన బాప్తిస్మం

ఒంగోలు మిషన్ చరిత్రకు కీలకవ్యక్తులు ఇద్దరు. అమెరికా నుంచి 1865లో నెల్లూరు వచ్చి, 1866లో ఒంగోలులో స్థిరపడిన జాన్ ఎవెరెట్ క్లౌ ఒకరు. తాళ్ళకొండపాడుకు చెందిన మాదిగ తోళ్ళవ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య మరొకరు. పేరయ్య అప్పటికే రాజయోగ సంప్రదాయపు గురువుల వద్ద సాధన చేసినవాడు. 1866లో భార్య నాగమ్మతో కలసి ఒంగోలుకు నడచివచ్చి బాప్తిస్మం పొందాడు. తిరిగి వెళ్ళి తోళ్ళవ్యాపారపు దారుల వెంట, బంధుత్వాల వెంట కొత్తవిశ్వాసాన్ని బోధించాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఏర్పడిన ఒంగోలు సంఘం ఈ దారులలోనే విస్తరించింది.

చేరేవారి నుంచి మిషన్ కోరిన ఆచారనియమాలు ముఖ్యంగా మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. ఈ మూడూ మాదిగల గ్రామవిధులను నేరుగా తాకాయి. చచ్చిన పశువును ఎత్తడం, జాతరలో డప్పు వాయించడం, పిలిచినప్పుడల్లా వెట్టికి పోవడం వారి కులానికి కట్టిపెట్టిన పనులు. బాప్తిస్మం పొందిన మాదిగ డప్పు పట్టనంటే గ్రామపెద్దలు పని మాన్పించారు, దారులు మూసివేశారు. అందువల్ల రక్షణసిద్ధాంతంలో చిహ్నమాత్రమైన బాప్తిస్మం గ్రామజీవితంలో బహిరంగ నిర్ణయమైంది.

1876లో వర్షాలు విఫలమై మద్రాసు రాజధానిలో క్షామం వ్యాపించింది. కృష్ణా డెల్టాను మద్రాసుతో కలిపే జలమార్గాన్ని ప్రభుత్వం కరువుపనిగా తవ్వించింది. ఆ జలమార్గమే బకింగ్‌హాం కాలువ. అందులో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని క్లౌ గుత్తకు తీసుకొన్నాడు. మిషన్ బోధకులు మేస్త్రీలయ్యారు. దూరగ్రామాల మాదిగలు, ఇతర కులాల కూలీలు వేలసంఖ్యలో ఆ శిబిరానికి చేరారు. పగలు మట్టితట్ట మోస్తూ, సాయంత్రం పేరయ్యవంటి బోధకుల మాటలు విన్నారు. కరువు వెంట కలరా వచ్చింది. అనేకులు మరణించారు.

ఈ కాలంలో బాప్తిస్మం కోరినవారు ఎందరో ఉన్నారు. క్లౌ నిరాకరించాడు. దాదాపు 15 నెలలపాటు ఒంగోలు మిషన్‌లో బాప్తిస్మాలు జరగలేదు. కూలి కోసం, గింజల కోసం వచ్చినవారు ఆకలితో క్రైస్తవులయ్యారన్న అపవాదు రాకూడదన్నది అందుకు కారణం. ఆకలి తీరిన తరువాత కూడా కోరిక నిలిస్తే అది విశ్వాసమే అవుతుందని మిషన్ తలచింది.

ఈ నిర్ణయంలోని వేదాంతపరమైన అంశాన్ని చరిత్రరచనలు తగినంతగా గమనించలేదు. బాప్తిస్మం లేనిదే రక్షణ లేదని నమ్మే సంఘానికి ఇటువంటి విరామం సాధ్యం కాదు. కలరా శిబిరంలో ఒక్కొక్క రోజు ఆలస్యం ఒక్కొక్క ఆత్మనాశనమని ఆ సంఘం భావించవలసి ఉంటుంది. ఆ నమ్మకం ఉన్నచోట ఆచరణ వేరుగా ఉండేది. 1843లో ఫ్రాన్సులో ఏర్పడిన పవిత్ర బాల్యసంఘం చైనావంటి దేశాలలో మరణాసన్న శిశువులకు జ్ఞానస్నానం ఇప్పించడాన్ని ముఖ్యకార్యంగా పెట్టుకొన్నది. ఒంగోలులో ఆగమన్నవారికీ, చైనాలో తొందరపడినవారికీ ప్రాణులపై ఉన్న కరుణలో భేదం వెదకనక్కరలేదు. భేదమంతా రక్షణకు బాప్తిస్మం అవసరమా అన్న ప్రశ్నకు వారిచ్చిన సమాధానంలో ఉంది. క్లౌ నిరీక్షణకు బాప్తిస్టు సిద్ధాంతం వీలు కల్పించింది. విశ్వసించి బాప్తిస్మం లేకుండా శిబిరంలో మరణించినవారు రక్షణ కోల్పోలేదని ఆ సిద్ధాంతం ఆయనకు భరోసా ఇచ్చింది.

6. గుండ్లకమ్మ ఒడ్డున

1878 జూన్ నాటికి కరువుసహాయం ముగింపుకు వచ్చింది. ఒంగోలుకు సుమారు పది మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లికి బోధకులనూ క్రైస్తవులనూ క్లౌ రమ్మన్నాడు. వారితోపాటు బాప్తిస్మం కోరేవారు వేలాదిగా వచ్చారు. ఇవ్వడానికి తన వద్ద ఇక డబ్బు లేదనీ, ఇళ్ళకు వెళ్ళవలసిందనీ ఆయన చెప్పాడు. తాము సహాయం అడగడం లేదనీ, సంఘంలో చేరాలనుకొంటున్నామనీ వారు బదులిచ్చారు. బోధకులు తమ తమ ప్రాంతాల ప్రజలను విడివిడిగా కూర్చోబెట్టి విచారించి పేర్లు రాసుకొన్నారు.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజులలో మొత్తం 3,536 మంది. జూలై 3న ఉదయం, మధ్యాహ్నం విడతలుగా ఆరుగురు తెలుగు బోధకులు ఈ పని నిర్వహించారు. ఒక్కొక్కసారి ఇద్దరు నీటిలో నిలవగా, వారు అలసినప్పుడు మరో ఇద్దరు దిగారు. గుమాస్తాలు పేర్లు చదివారు. క్లౌ స్వయంగా ఆ రోజు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పెంతెకొస్తునాడు మూడువేలమందిని ఒక్కరోజులో ముంచడం సాధ్యమా అన్న పాత వివాదంలో అమెరికా బాప్తిస్టులు ఈ సంఘటనను ప్రమాణంగా చూపడం మొదలుపెట్టారు. సంవత్సరాంతానికి ఒంగోలు సంఘంలో కొత్తగా చేరినవారి సంఖ్య 9,606కు చేరింది.

ఇక్కడ ఒక ప్రశ్న మిగులుతుంది. బాప్తిస్మం రక్షణకు అవసరం కాదని బోధించే మిషన్ వద్దకు, సహాయం ఆగిపోయిన తరువాత కూడా, ఇన్నివేలమంది బాప్తిస్మం కోసమే ఎందుకు వచ్చారు? మిషనరీ రచనలు దీనిని ఆత్మకార్యమన్నాయి. విమర్శకులు కరువుప్రభావమన్నారు. రెండు వివరణలూ ఆ వచ్చినవారి దృష్టిని పరిశీలించలేదు. ఊరి నడిబావి దగ్గరికీ, గుడి లోపలికీ రానివ్వని సమాజంలో పుట్టినవారు వారు. నదిలో నలుగురి ఎదుట పేరు పిలిపించుకొని, తమవాడే అయిన బోధకుని చేయి తలపై ఉండగా మునిగి లేవడం వారికి ప్రవేశం. ఆ పేరు ఒక పుస్తకంలోకి ఎక్కింది. మునిగిన నీరు వారిని అంటరానివారని చెప్పలేదు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన మాదిగల కథనాల సంపుటి "వైల్ సూయింగ్ శాండిల్స్" ఈ ఉద్యమం బంధుత్వాల వెంట, గురుశిష్యసంబంధాల వెంట సాగిన తీరును చూపుతుంది. వేదాంతులు చిహ్నమన్న దానిని మాదిగలు ప్రవేశంగా స్వీకరించారు.

7. దోర్నకల్: బాప్తిస్మం ఒక బాధ్యత

20వ శతాబ్దపు తొలి దశకాలలో ఇటువంటి ఉద్యమమే తెలంగాణ, కృష్ణా ప్రాంతాల ఆంగ్లికన్ సంఘాలలో కనిపిస్తుంది. 1912లో దోర్నకల్ బిషప్‌గా నియమితుడైన వి. ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడైనా ఆయన సేవ ప్రధానంగా తెలుగు మాలమాదిగల మధ్య సాగింది. బాప్తిస్మం పొందినవారు తమ చేతిని తమ తలపై ఉంచుకొని, తాము బాప్తిస్మం పొందిన క్రైస్తవులమనీ, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అనీ పలకాలని ఆయన ఏర్పాటు చేశాడు. బాప్తిస్మంతో పొందే దానికంటె మోయవలసిన దానిపై దృష్టి పెట్టడం ఈ ఆచారపు విశేషం. అక్షరం రాని కూలీ కూడా ఆ క్షణం నుంచి బోధకుడే.

1930లలో సామూహిక మతాంతరాలను గాంధీజీ విమర్శించారు. క్రీస్తు బోధను అనుసరించడానికి ఎవరూ పుట్టిన మతాన్ని వీడనక్కరలేదన్నది గాంధీజీ అభిప్రాయం. అజరయ్య దీనిని అంగీకరించలేదు. క్రైస్తవజీవితం సంఘజీవితమనీ, సంఘంలోకి చేర్చేది బాప్తిస్మమనీ ఆయన వాదం. పుట్టిన సమాజంలోనే ఉండమన్న సలహా ఆ సమాజంలో స్థానమున్నవారికి వర్తిస్తుంది. పల్లెవెలుపల ఉంచబడినవారికి ఉండమనడానికి అక్కడ స్థానమే లేదు. గుండ్లకమ్మలో దిగినవారు ఆచరణలో చెప్పిన మాటకు అజరయ్య వాదంలో వేదాంతరూపం కనిపిస్తుంది.

8. బాప్తిస్మం లేని భక్తి: చెంచయ్య, సుబ్బారావు

స్థానమున్నవారి వైపు నుంచి అదే ప్రశ్నను చూసినవారిలో పాండిపెద్ది చెంచయ్య ముఖ్యుడు. నెల్లూరులో 1886లో జన్మించిన చెంచయ్య బాల్యంలోనే కుటుంబంతోపాటు క్రైస్తవుడయ్యాడు. న్యాయశాస్త్రం చదివి పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశాడు. 1938లో తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరగనున్న తరుణంలో, బావమరిది వరుసైన వి. చక్కరయ్య ప్రభృతులతో కలసి "రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా" అనే సంపుటిని వెలువరించాడు. క్రీస్తు తెచ్చింది కొత్త సృష్టి అనీ, దానికి మూలం పరిశుద్ధాత్మ అనీ, సంఘవ్యవస్థ దానికి పర్యాయం కాదనీ చెంచయ్య వాదం. క్రీస్తును నమ్మిన హిందువు తన సమాజాన్ని విడిచి వేరే సమాజంలో సభ్యుడు కావాలన్న నిబంధనను ఆయన ప్రశ్నించాడు. నీటిబాప్తిస్మం జనాభాలెక్కలలో ఒక మతవర్గం నుంచి మరో మతవర్గానికి మార్చే చర్యగా మారిందన్నది ఈ విమర్శలోని ముఖ్యాంశం. మతాలవారీగా నియోజకవర్గాలున్న ఆ కాలంలో ఈ మాటకు రాజకీయబలం కూడా ఉంది.

చెంచయ్య తర్కించినదానిని కృష్ణాజిల్లాలో కలగర సుబ్బారావు ఆచరణగా మార్చాడు. 1912లో జన్మించిన సుబ్బారావు కమ్మ కులస్థుడు, ఉపాధ్యాయుడు. 1942లో తీవ్రమైన అనారోగ్యదశలో తనకు క్రీస్తు దర్శనమైందనీ, ఆరోగ్యం చేకూరిందనీ ఆయన చెప్పుకొన్నాడు. విజయవాడ సమీపంలోని మునిపల్లెలో ఆయన ఇంటివద్ద భజనలు, ప్రార్థనలు, స్వస్థతాకూటములు జరిగేవి. క్రీస్తును గురుదేవుడని సంబోధించేవాడు. ఆయన రచన "రిట్రీట్, పాద్రీ" పౌరోహిత్యాన్నీ, సంఘవ్యవస్థనూ తీవ్రంగా ఖండించింది. బాప్తిస్మాన్ని రక్షణకు షరతుగా ఆయన ఒప్పుకోలేదు. అహాన్ని విడిచిపెట్టడమే అసలైన మార్పు అనీ, నీటిలో మునగడం క్రియాకలాపమనీ ఆయన బోధ. ఆయన చుట్టూ చేరినవారిలో చాలామంది సవర్ణహిందువులు. వారు క్రీస్తును ఆరాధిస్తూ, తమ కులంలో, ఇంటిపేరులో, పెళ్ళిసంబంధాలలో యథాతథంగా కొనసాగారు.

డెన్మార్క్‌కు చెందిన చర్చి చరిత్రకారుడు, బెంగళూరు వేదాంతకళాశాల అధ్యాపకుడు కాయ్ బాగో 1968లో ఈ ఉద్యమంపై పుస్తకం ప్రచురించాడు. క్రీస్తును హిందూసమాజంలోపల వికసించనివ్వాలనీ, చర్చిలోకి లాగడం మిషన్ లక్ష్యం కారాదనీ ఆయన అప్పటికే వాదిస్తున్నాడు. మద్రాసులో దక్షిణభారత సంఘ బిషప్‌గా పనిచేసిన లెస్లీ న్యూబిగిన్ దీనిని వ్యతిరేకించాడు. దృశ్యమైన సమాజమేదీ లేకుండా విశ్వాసం నిలవదనీ, బాప్తిస్మం లేని క్రీస్తుభక్తులు పాత సమాజపు నియమాలకే లోబడి ఉంటారనీ ఆయన ఆక్షేపణ. కేరళకు చెందిన చింతకుడు ఎం. ఎం. థామస్, క్రీస్తుకేంద్రకమైన సహవాసం మతసమాజాల సరిహద్దులను దాటి ఏర్పడగలదన్నాడు. 1970ల తొలినాళ్ళలో సాగిన ఈ చర్చకు ఒక ప్రధాన ఉదాహరణగా నిలిచింది మునిపల్లె.

ఈ చర్చలో ఒక అంశం మరుగునపడింది. మునిపల్లెలో బాప్తిస్మాన్ని కాదన్నవారికి కులసమాజంలో భూమి, గౌరవం, బంధువర్గం ఉన్నాయి. బాప్తిస్మం వారి నుంచి వీటిని తీసుకొంటుంది. వెల్లంపల్లిలో బాప్తిస్మం కోరినవారి వద్ద తీసుకోవడానికి అటువంటిదేదీ లేదు. పైగా కోస్తాగ్రామాలలో బాప్తిస్మమంటే మాలపల్లె, మాదిగపల్లె చర్చిలో కూర్చోవడమని అర్థం స్థిరపడింది. నీటిసంస్కారంపై సవర్ణుల విముఖతలో వేదాంతం ఎంత, అస్పృశ్యతాభయం ఎంత అని విడదీయడం సులభం కాదు. సుబ్బారావు పౌరోహిత్యవిమర్శ నిజాయతీతో కూడినదే కావచ్చు. ఆయనను అనుసరించడం సవర్ణులకు సులభం కావడానికి మాత్రం సామాజికకారణాలున్నాయి.

9. బాప్తిస్మ పుస్తకం, ప్రభుత్వ దస్త్రం

స్వాతంత్ర్యానంతరం ఈ ప్రశ్నకు చట్టపరమైన కోణం చేరింది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు హిందూమతం కాక వేరే మతాన్ని అవలంబించేవారికి షెడ్యూల్డు కులహోదా లేదన్నది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ మినహాయింపు లభించింది. క్రైస్తవులకు లభించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారు వెనుకబడిన తరగతుల సి వర్గంలో ఉన్నారు. ఆ వర్గానికి కేటాయింపు ఒక శాతం. గుంటూరు వైద్యకళాశాల ప్రవేశానికి సంబంధించిన 1976 నాటి కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవులైన మాదిగ తల్లిదండ్రులకు పుట్టినవారు హిందూమతంలోకి వచ్చి, కులంవారు అంగీకరిస్తే ఆ కులసభ్యులవుతారని నిర్ణయించింది. 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన మరొక కేసులో శైశవంలో జరిగిన బాప్తిస్మాన్ని మతనిర్ణయానికి సాక్ష్యాలలో ఒకటిగా పరిగణించింది.

దీని ఫలితంగా సంఘపు బాప్తిస్మ పుస్తకం ప్రభుత్వ దస్త్రంతో సమానమైన ప్రాముఖ్యం పొందింది. 1878లో పేరు రాయించుకోవడం గౌరవప్రవేశం కాగా, నేడు అదే నమోదు రాజ్యాంగరక్షణను తొలగించే పత్రం కావచ్చు. చర్చికి వస్తూ, ప్రార్థిస్తూ, బాప్తిస్మాన్ని వాయిదా వేసుకొనే దళిత విశ్వాసుల ముందు పాత వేదాంతప్రశ్న కొత్తరూపంలో నిలిచింది. సవర్ణభక్తులు తమ సమాజాన్ని కోల్పోకుండా ఉండడానికి చేసిన వాదం ఇప్పుడు హక్కులు కోల్పోకూడదనుకొనే దళితులకు కూడా అందుబాటులోకి వచ్చింది. విశ్వాసం దాచుకోవలసి రావడం వారికి అదనపు భారం.

10. ఉపసంహారం

సిద్ధాంతరంగంలో కఠినసమాధానం క్రమంగా మృదువైంది. రెండవ వాటికన్ మహాసభ 1964లో, తమ తప్పు లేకుండా క్రీస్తును ఎరుగనివారికి కూడా రక్షణ సాధ్యమని ప్రకటించింది. 2007లో కథోలిక అంతర్జాతీయ వేదాంతమండలి, జ్ఞానస్నానం లేకుండా మరణించిన శిశువుల రక్షణను ఆశించడానికి ఆధారాలున్నాయని చెప్పింది. దేవుడు సంస్కారాలకు మానవులను బద్ధులను చేసినా, తాను వాటికి బద్ధుడు కాడన్న ప్రాచీనభావన ఈ మార్పుకు పునాది. బాప్తిస్టులు రక్షణకు అవసరం కాదన్న తమ నిర్ణయంలోనే ఉన్నారు. అయినా వారి సంఘాలలో సభ్యత్వానికి బాప్తిస్మం నేటికీ తప్పనిసరి. రక్షణకు అక్కరలేనిది సంఘానికి అక్కర అన్న ఈ స్థితి అన్ని వైపులా మిగిలింది.

తెలుగుప్రాంతపు అనుభవం ఈ స్థితికి ఒక చారిత్రకవివరణ ఇస్తుంది. బాప్తిస్మం దేవుని ఎదుట ఏమి చేస్తుందన్న విషయంలో మిషన్లు విభేదించాయి. మనుషుల మధ్య అది ఏమి చేస్తుందన్న విషయాన్ని తాళ్ళకొండపాడు పేరయ్య మొదలు మునిపల్లె భక్తుల వరకూ అందరూ స్పష్టంగా ఎరుగుదురు. అది ఒక సమాజం నుంచి తీసి మరొక సమాజంలో ఉంచుతుంది. వెలివాడలో పుట్టినవారికి ఆ మార్పు లాభం, ఊరినడుమ పుట్టినవారికి నష్టం. కనుకనే అవసరం లేదన్న బోధ విన్న మాదిగలు దానిని పట్టుబట్టి కోరారు. అవసరమన్న బోధ విన్న సవర్ణులు దానిని మర్యాదగా పక్కనపెట్టారు. ఇరువురినీ వేదాంతప్రమాణాలతో మాత్రమే తూచితే చరిత్రకు న్యాయం జరగదు. బాప్తిస్మం అవసరమా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా అది ఎవరికి, ఏ సమాజంలో, ఏమి పోగొట్టుకొని అన్న ప్రశ్నలను కూడా తెలుగు క్రైస్తవచరిత్ర అధ్యయనం వెంట పెట్టుకోవలసి ఉంటుంది. సంఘాల బాప్తిస్మ పుస్తకాలలోని పేర్లు, తేదీలు, గ్రామాలు ఆ అధ్యయనానికి అమూల్యమైన ఆకరాలు.